ఒళ్లు విదిలించని పొట్టేలు

మొన్న మంగళవారం ఒకాయన బర్రెను తోలుకొని మా నల్లగొండ దవాఖానకు వచ్చాడు. బర్రెకు పొదుగు వాచింది. చేతులు కడుక్కుంటూ ఏ ఊరని అడిగితే, రామన్నపేట అవతల ఒక పల్లె పేరు చెప్పాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "మీ ఊళ్లో గొర్ల పెద్దమనిషి ఒకాయన, ఊరవతల గుండ్ల దగ్గర ఒక్కడే ఉంటాడు..." అని మొదలుపెట్టానో లేదో, ఆయన అందుకున్నాడు.

"ఆయననా? పోయిండు గద సారు. పోయిన నెలల్నే పాయె. జర జల్ది సూది ఎయ్యి, రెండు దినాల సంది పాలిస్తలేదు."

సూది వేశాను, మందు ఇచ్చాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నాకు ఏ పనీ సాగలేదు. పోయిన నెలలో నేను ఏం చేస్తున్నానో గుర్తు చేసుకోవాలని చూశాను. ఏమీ గుర్తుకు రాలేదు. మామూలుగా తిని, మామూలుగా పడుకొని ఉంటాను.

ఆయన పేరు రాయను. రాసినా ఆ ఊళ్లో చాలామందికి అదెవరో తెలియదు. వాళ్లకు ఆయన 'దేవుడొద్దన్నోడు'. పిల్లలు కూడా అదే అనేవాళ్లు. తిట్టినట్టు కాదు, ఇంటిపేరు చెప్పినంత మామూలుగా అనేవాళ్లు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది. తిడితే కనీసం తిరిగి తిట్టవచ్చు.

మనిషి పొడుగు. కర్రను మెడ వెనక అడ్డంగా పెట్టుకొని, రెండు చేతులూ దాని మీదుగా వేలాడేసి నిలబడేవాడు. నడి ఎండలో కూడా తల మీద గొంగడి ఉండేది. ఎవరితో మాట్లాడినా పక్కకు తిరిగి, తంగేడు పొదతోనో రాతిగుండుతోనో మాట్లాడుతున్నట్టు మాట్లాడేవాడు. ఏది చెప్పినా విని, "గంతేనా?" అనేవాడు. వాన పడేటట్టుంది పెద్దయ్యా అంటే "గంతేనా?" టీకా వేస్తే గొర్రెకు ఒక్కరోజు జ్వరం వస్తుందంటే "గంతేనా?" అసలు మాట ఇంకేదో ఉందనీ, దాన్ని అందరూ కలిసి తన దగ్గర దాస్తున్నారనీ ఆయన అనుమానం. మొదట్లో నాకు నవ్వొచ్చేది. బావి దగ్గర ఎవరైనా ఉంటే వాళ్లు పోయేదాకా దూరంగా ఆగేవాడు. రమ్మన్నా వచ్చేవాడు కాదు. పెళ్లికి పిలిచేవాళ్లు లేరు. పిలిచినా పోయేవాడు కాదేమో, కానీ పిలవకపోవడం వేరు.

మొదటిసారి ఆయన్ని చూసింది రామన్నపేట పశువుల దవాఖానలో. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. కొత్తగా కంపౌండర్ ఉద్యోగం. మాది మహబూబ్‌నగర్‌లో బజారు మీది ఇల్లు. దేవుడికి కొబ్బరికాయ తప్ప మరేదీ కొట్టే అలవాటు లేని ఇల్లు. గొర్రెల గురించి నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదే అయినా, అంతా తెలుసుననే నా ధీమా. ఒక గది కిరాయికి తీసుకొని ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఆదివారం వస్తే పలకరించే మనిషి లేక గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ పడుకునేవాణ్ణి. అందుకేనేమో, దవాఖానలో పదిమంది చేరితే కాస్త గొప్పలకు పోయేవాణ్ణి.

ఒక పొద్దున ఆయన పొట్టేలును పట్టుకొని వచ్చి మెట్ల కిందే నిలబడ్డాడు. నల్లటి పొట్టేలు, బాగా బలిసింది, కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉన్నాయి. డాక్టరు గారు ఆ రోజు లేరు.

"ఏమైంది దీనికి?" అన్నాను.

"ఏం గాలే సారు. నువ్వే సూసి చెప్పాలె."

"మేస్తున్నదా?"

"మేస్తాంది."

"నీళ్లు తాగుతున్నదా?"

"తాగుతాంది."

"మరి రోగమేంది?"

ఆయన గోడ వైపు తిరిగాడు. "ఒళ్లు ఇదిలిస్తదా, ఇదిలియ్యదా సూడు సారు. నరమేమన్న పట్టిందో, చెవులల్ల ఏమన్న ఉన్నదో. గదొక్కటి చెప్పు."

ఇదేం విచిత్రం అనుకున్నాను. చెవులు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. వెన్ను తడిమాను, కాళ్లు వంచి చూశాను. చుట్టూ ఆవులవాళ్లూ బర్రెలవాళ్లూ చేరి చూస్తున్నారు. ఇంతమంది ముందు ఏదో ఒకటి తేల్చాలి కదా అని, బకెట్లోంచి చెంబెడు నీళ్లు తీసి పొట్టేలు వీపు మీద గుమ్మరించాను. అది తల నుంచి తోక దాకా ఒక్క విదిలింపు విదిలించింది. నా ముఖం, చొక్కా అన్నీ తడిసిపోయాయి. అందరూ నవ్వారు. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను.

"రాయి లెక్క ఉన్నది పెద్దయ్యా నీ పొట్టేలు! నరమూ లేదు, రోగమూ లేదు. ఏమన్న ఉంటే నీకే ఉండాలె, నువ్వు చూపించుకో."

"గంతేనా సారు?"

"గంతే."

ఆయన గొంగడి కొసతో పొట్టేలు వీపు తుడిచి, దాన్ని తోలుకొని గేటు దాటి వెళ్లిపోయాడు. నేను చొక్కా పిండుకుంటూ లోపలికి వచ్చేసరికి మా చప్రాసి ముఖం మాడ్చుకొని ఉన్నాడు. ఆయనదీ ఆ పల్లె పక్క ఊరే.

"ఎంత పని జేస్తివి సారు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది. ఆ ఊళ్లో గొర్లవాళ్ల దేవుడైన బీరప్ప పండుగకు మొక్కుకున్నవాళ్లు పొట్టేళ్లను తెస్తారు. వాటిని కడిగి, పసుపు పూసి, దేవుడి ముందు నిలబెట్టి వీపు మీదా చెవుల్లోనూ నీళ్లు చల్లుతారు. పొట్టేలు ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఆయన ఒప్పుకోనట్టు. కత్తి ఆ తర్వాతే లేస్తుంది.

ఈయన పొట్టేలు విదిలించలేదు. మూడుసార్లు చల్లారు, ఐదుసార్లు చల్లారు. ముందువీ వెనకవీ అన్నీ విదిలించాయి. ఇది మాత్రం దేవుడి కళ్లలోకి చూస్తూ అట్లాగే నిలబడింది. ఏదైనా తప్పు జరిగి ఉంటే ఒప్పుకోమని జనం ఆయన్ని చుట్టుముట్టారు. అట్లా అడగడం అక్కడ రివాజు. అప్పుడాయన అందరి ముందూ చెప్పాడట.

కరువు ఏడాది ఆయన మందతో దేవరకొండ దిక్కు మేతకు పోయాడు. ఇంటి దగ్గర ఆయన భార్యకు జబ్బు చేసింది. అటు పోతున్న గాజులమ్మే మనిషితో రమ్మని కబురు పంపింది. ఆ కబురు ఈయనకు అందనే లేదని ఊరంతా అనుకున్నారు. ఆ గాజులాయన మళ్లీ ఈ దిక్కుకు రాలేదు. పెళ్లాం చావుకు అందని మొగుణ్ణి చూసి అందరూ జాలిపడ్డారు. కానీ కబురు అందింది. మందలో గొర్రెలు ఈనుతున్నాయి, రేపు పోదాం అనుకున్నాడు. ఆ రేపు కూడా రేపే అనుకున్నాడు. మూడో రోజు బయలుదేరాడు. దారిలోనే చావు కబురు ఎదురొచ్చింది.

ఇంత చెప్పుకున్న తర్వాత మళ్లీ నీళ్లు చల్లారు. పొట్టేలు కదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇక తోలుకుపొమ్మన్నాడు పూజారి.

"తప్పు ఒప్పుకున్నా దేవుడు ఒప్పుకోలే సారు. ఇగ ఊరు ఒప్పుకుంటదా? పొట్టేలుకే ఏదో రోగమున్నదేమో, ఇదిలిచ్చే శక్తి లేదేమో అని ఆయనకు ఒక్క ఆశ ఉండె. గది పట్టుకొని ఏడు మైళ్లు నడిచొచ్చిండు," అన్నాడు చప్రాసి.

ఆ ఆశ మీద నేను చెంబెడు నీళ్లు పోశాను. పోసి నవ్వాను. పైగా రోగం నీకే ఉందన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదని రాస్తే అబద్ధం, తిన్నాను. కానీ తర్వాత ఎన్నో ఏళ్లు, ఏ గొర్రె ఒళ్లు విదిలించినా నాకు సిగ్గేసేది.

ఆ ఆదివారమే సైకిలు మీద ఆ ఊరు వెళ్లాను. ఊరవతల గుండ్ల మధ్య చిన్న గుడిసె, దాని ముందు ఆ పొట్టేలు. మందను భార్య పోయినప్పుడే తమ్ముడి కొడుకులకు అప్పగించి, ఈ పొట్టేలును ఒక్కదాన్నే ఉంచుకున్నాడట. ఇప్పుడు దీన్ని ఎవరూ తీసుకోరు. దేవుడు వద్దన్నదాన్ని కొనేవాడు లేడు, కోసేవాడూ లేడు. నన్ను చూసి ఆయన గొంగడి పరిచాడు, తాను మాత్రం దూరంగా నేల మీద కూర్చున్నాడు. నేను దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా అప్పజెప్పాను. డప్పుల మోతకు గొర్రె బెదురుతుంది, బెదిరిన జీవం బిగుసుకుపోతుంది, అప్పుడు నీళ్లు పడ్డా కదలదు, ఇందులో దేవుడి పని ఏమీ లేదు అన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు.

"తక్కినయి బెదరలే గద సారు?"

"అన్ని జీవాలూ ఒక్క తీరుగ ఉండవు పెద్దయ్యా."

"ఉండయి. గందుకే నాది అట్ల నిలబడ్డది."

ఆయన ఒక గిన్నెలో మజ్జిగ తెచ్చి నా చేతికి ఇవ్వకుండా రాయి మీద పెట్టాడు, తన చేతిది నేను తీసుకోనేమోనని. తాగి వచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు ఒకచోట సైకిలు దిగి వెనక్కి చూశాను. గుండు నీడలో ఆయన, ఆయన పక్కన పొట్టేలు. ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నారు. ఆ పూట నాకు లోకంలో ఎవరూ లేరనిపించింది. ఆయనకు అట్లా అనిపించడానికి ఒక కారణమైనా ఉంది, నాకు అదీ లేదు.

తర్వాత నాలుగైదేళ్లు ఆయన్ని దూరం నుంచే చూశాను. కట్టంగూర్ దారిలో ఒకసారి, రామన్నపేట అంగడిలో ఒకసారి. అంగడిలో జనం మధ్య ఆయనా పొట్టేలూ నడుస్తుంటే రెండు పక్కలా జాగా దానంతటదే ఏర్పడేది. ఆయన దానితో మాట్లాడేవాడు. "ఆగు బిడ్డా, బండొస్తాంది," "తిన్నవా లేదా పొద్దుగాల?" అని. జనం మూతులు తిప్పుకునేవాళ్లు. నేను కనబడితే ఆయన తల వంచేవాడు. నేనూ ఏదో పనున్నట్టు పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ధైర్యం చాలక.

ఆ పల్లెల్లో గొర్రెలకు బొబ్బరోగం సోకిన ఏడాది మళ్లీ ఎదురుపడక తప్పలేదు. టీకాల పెట్టె కట్టుకొని ఆ ఊరు వెళ్లాను. ఎంత పొగరుబోతు పొట్టేలైనా ఆయన చేయి వేస్తే కదిలేది కాదు, అందుకని ఆ రోజుకు మాత్రం ఊరు ఆయన్ని రానిచ్చింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆయన పట్టుకోవడం, నేను సూది వేయడం. పనైపోగానే ఎవరి గొర్రెల్ని వాళ్లు తోలుకుపోయారు. గుండు నీడన మేమిద్దరం మిగిలాం. నల్లటి పొట్టేలు ముసలిదై, ఒక పక్కకు ఒరిగి నెమరేస్తోంది.

ఇక దాచుకోలేక చెప్పేశాను. "పెద్దయ్యా, ఆ పొద్దు నేను నీళ్లు పోయకుండా ఉండవలసింది. తెలియక చేసిన. నవ్విన గూడ. నాలుగైదేండ్ల సంది అదే కలుక్కుమంటున్నది."

ఆయన ఈసారి పక్కకు తిరగలేదు. నా ముఖంలోకి చూశాడు. అంతకు ముందు ఆయన కళ్లు నేను సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది.

"నువ్వు ఫికర్ జెయ్యకు సారు. నువ్వు నీళ్లు పొయ్యంగనే మంచిదయింది," అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు.

ఊరి చివర ఒక ముసలవ్వ ఉంటుంది. ఎవరూ లేరు, ఒక మేక ఉండేది. ఆ మేక ఈనలేక చచ్చిపోతే, కడుపులోంచి పిల్లను ఈయనే బయటికి తీశాడు. తమ్ముడి కొడుకుల మందలో ఒక గొర్రెను బతిమాలి, నెల రోజులు ఆ మేకపిల్లకు పాలు తాపించాడు. పిల్ల నిలదొక్కుకున్నాక అవ్వ దాన్ని చంకన పెట్టుకొని ఆయన గుడిసెకు వచ్చింది. నీ వల్ల బతికింది, నీకే ఇస్తున్నా, తీసుకో అంది. ఈయన వద్దన్నాడు. అవ్వ మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. మర్నాడు ఎదురుపడి ముఖం తిప్పుకుంది. దేవుడొద్దన్నోడు గూడ నన్ను వద్దన్నాడని వాడకట్టులో చెప్పుకొని ఏడ్చిందట.

"నాకు మనసు కాలిపోయింది సారు. ఉరుక్కుంట ఆమె ఇంటికి వోయిన. అవ్వా, నీ మీద కోపమెందుకుంటది నాకు? నీకు ఉన్నదే గది ఒక్కటి. గది గూడ నేను తీసుకుంటే నీకు తోడెవరే? నువ్వు ఒక్కదానివైతవని వద్దన్న గని, నువ్వు వద్దని గాదు అన్న." ఆయన తల మీది గొంగడి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గా మాట అన్నంక నా నోరు తెరిచింది తెరిచినట్టె ఉన్నది సారు. అవ్వ ఏదో అంటాంది. నాకు ఇనవడుతలేదు."

ముసలి పొట్టేలు మెడ మీద చేయి వేశాడు.

"ఇంటామె పోయింది. పిల్లలు లేరు. నాకున్నది గీడొక్కడే. గీన్ని గూడ కోస్తుంటి. ఆ బీరప్ప తీసుకుంటడా? నేనే తీసుకోకపోతిని అవ్వ దగ్గర. ఆయన నా కంటె తక్కువోడా?"

"మరి అప్పుడు నేను చెప్పిన డప్పుల సంగతి?" అని అడిగాను.

"డప్పులు అన్నిటికి మోగినయి సారు. నువ్వు రోగమున్నదని చెప్తే, రోగముండె గనుక ఇదిలియ్యలే అని అనుకుంటుంటి. నువ్వు నీళ్లు పోసి సూపిస్తివి, మంచిగనే ఉన్నదని. నరం లేదు, రోగం లేదు. ఇగ ఆపింది ఎవరు? ఆయనే గద. గది నువ్వు చెప్పిందే సారు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చూపు తిప్పుకోలేదు. చాలా ఏళ్లకు ఒక మనిషి ముందు సిగ్గు లేకుండా ఏడ్చాను.

అయినా ఒక మాట అడగాలనిపించింది. "మరి పోయిన పెద్దమ్మ సంగతి?"

"గది తప్పే. తప్పు తప్పే ఉంటది సారు, యాడికి పోతది? పొద్దున లేస్తే ఆమె యాదికొస్తది. ఆయనకు గూడ ఎరుకే. ఎరుకుండే నా పక్కన గీన్ని ఉంచిండు. తప్పు లేనోణ్ణి సూసుకునుడు పెద్ద పనా?"

"అయితే గుడికి పోతున్నవా ఇప్పుడు?"

తల అడ్డంగా ఊపాడు. "ఆయనతోని నాకు పంచాది లేదు. మందితోని ఉన్నది. వాళ్ల కండ్లు దాటుకుంట ఆడిదాక పోవుడు నాతోని గాదు."

మరో రెండేళ్లకు పొట్టేలు పోయింది. ఆ కబురు విని నేను భయపడుతూ వెళ్లాను. ఆయనే గుంత తవ్వి పూడ్చుకున్నాడట. కన్నీళ్లు పెట్టుకున్నాడు కానీ ఆయన మాట మారలేదు. దేవుడు ఇచ్చిన తోడు ఇచ్చినన్ని దినాలూ ఉందన్నాడు. ఆ తర్వాత ఆ గుండ్ల దగ్గర ఆయన నిజంగానే ఒక్కడు. మాట్లాడటానికి ఏ జీవమూ లేక, సాయంత్రాలు ఊరికే దారి వైపు చూస్తూ నిలబడేవాడని చప్రాసి చెప్పాడు. నేను నెలకోసారి వెళ్తాననుకొని, ఏడాదికి రెండుసార్లు వెళ్లాను.

నాకు నల్లగొండకు బదిలీ అయ్యే ముందు బీరప్ప పండుగకు డ్యూటీ పడింది. పశువులకు ఏదైనా జరిగితే చూడటానికి మందుల పెట్టెతో గుడి ముందు కూర్చున్నాను. డప్పులు, పసుపు, జనం. ఆయన గోడ బయట, ఎప్పటిలా దూరంగా నిలబడి ఉన్నాడు. నేను చేయి ఎత్తితే తల ఊపాడు.

నాలుగో పొట్టేలు దగ్గర పని ఆగింది. తెచ్చిన మనిషి కూలి చేసుకొని బతికేవాడు. ఆ ఒక్క పొట్టేలే ఆయనకున్న ఆస్తి. వెనక భార్య, ఆమె చంకలో పసిపిల్ల. నీళ్లు చల్లారు, కదల్లేదు. మళ్లీ చల్లారు, కదల్లేదు. డప్పులు నిలిచాయి. జనం దగ్గరికి జరిగారు.

"ఏం తప్పు జేసినవో చెప్పు."

"ఒప్పుకో. దేవుని ముంగట దాస్తవా?"

ఆ మనిషి ఒకసారి భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. వాళ్లిద్దరికీ మాత్రమే తెలిసింది ఏదో ఉంది. అది ఇంకొక్క క్షణంలో ఊరందరిదీ అయ్యేది. ఆయన నోరు తెరిచాడు.

"చెప్పకు కొడుకా!"

జనం వెనక్కి తిరిగి చూశారు. పెద్దయ్య గోడ దాటి లోపలికి వస్తున్నాడు. అన్నేళ్లుగా తప్పుకుంటున్నవాళ్లు తప్పుకున్నారు, ఆయనకు దారి దొరికింది. నేరుగా వచ్చి ఆ మనిషి భుజం పట్టుకున్నాడు.

"ఏం చెప్పకు. నీ తప్పు ఆయనకు ఎరుకే, మందికెందుకు? నీకు పసిపోరి ఉన్నది. గీ ఒక్క జీవమే ఉన్నది. నువ్వే ఉంచుకోమంటుండు. తోలుకపో."

"నువ్వెవనివయ్యా చెప్పెటానికి?" అన్నాడు పూజారి.

"నా జీవాన్ని గూడ నాకే ఉంచి నన్ను గిట్లనే సాదిండు. నాకు ఎరుకుండదా?"

ఆ మనిషి పొట్టేలు తాడు పట్టుకొని, భార్యను వెంటబెట్టుకొని జనంలోంచి నడిచి వెళ్లిపోయాడు. ఎవరో డప్పు మీద ఒక దెబ్బ వేశారు, మిగతావాళ్లు అందుకున్నారు. అయిదో పొట్టేలును ముందుకు తెచ్చారు.

పెద్దయ్య మాత్రం కదల్లేదు. తాను ఎక్కడి దాకా వచ్చాడో అప్పుడే చూసుకున్నట్టున్నాడు. దేవుడికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. చేతులు జోడించడం మరిచిపోయి, చాలా కాలానికి కలిసిన అయినవాణ్ణి చూసినట్టు ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

"ఇగ జరుగు పెద్దయ్యా, ఎనుక మంది ఉన్నరు," అన్నాడు పూజారి.

"ఎనిమిదేండ్లకు వచ్చిన," అన్నాడాయన, తల తిప్పకుండానే. "జర ఉండనియ్యి."